సాగర్‌కి రెండు కాలువలు, మా గదిలో ఒక టీవీ

2025 నవంబరు 2, అర్ధరాత్రి దాటింది. బ్రాడీపేట నాలుగో లైన్లో ఎవరో టపాసులు పేలుస్తున్నారు, మహిళల వరల్డ్ కప్ మనం గెలిచాం, దక్షిణాఫ్రికా మీద 52 పరుగుల తేడాతో. నేనింకా టీవీ ముందు నుంచి లేవనే లేదు, ఫోన్ మోగింది. మిర్యాలగూడ అన్న.

"చూసినవా తమ్మీ, మీ కడప పిల్ల ఎట్లేసిందో!"

శ్రీచరణి గురించి. మీ కడప అన్నాడే గానీ, ఆ గొంతులో సొంత చెల్లెలి పెళ్లి చేసినంత సంబరం ఉంది. మీ హైదరాబాద్ అమ్మాయి అరుంధతి రెడ్డి కూడా టీమ్‌లో ఉందిగా అన్నా అన్నాను. "ఆఁ, ఉన్నది. ఇప్పుడు మీరు మేము ఏంది, అందరు మనోళ్లే" అన్నాడు.

మనోళ్లే అన్న ఆ మాట మా ఇద్దరి మధ్యకి ఎన్నిసార్లు వచ్చి ఎన్నిసార్లు పోయిందో నాకు తెలుసు. ఆటలు మనుషుల్ని కలుపుతాయా అని ఎవరైనా అడిగితే నాకు ముందు గుర్తొచ్చేది మా అమీర్‌పేట గది. అందుకే అక్కణ్ణించే మొదలుపెడతాను.

2008లో ఉద్యోగం కోసం హైదరాబాద్ వెళ్లినప్పుడు నాకు దొరికిన రూమ్మేట్ ఈ అన్న. నాకంటే రెండేళ్లు పెద్ద. వాళ్ల నాన్నగారి పొలం నాగార్జున సాగర్ ఎడమ కాలువ కింద, మా నాన్న పొలం నరసరావుపేట దగ్గర కుడి కాలువ కింద. ఒకే డ్యామ్, అటు వాళ్ల కాలువ, ఇటు మా కాలువ. జులై వచ్చిందంటే ఇద్దరం ఇంటికి ఫోన్ చేసి అడిగే మొదటి ప్రశ్న ఒకటే, నీళ్లొదిలారా అని. ఇద్దరం చెరిసగం వేసుకుని ఒక పాత డబ్బా టీవీ కొన్నాం. రిమోట్‌కి ప్లాస్టిక్ కవరు చుట్టి రబ్బరు బ్యాండ్ వేసింది ఆయనే. మా అమ్మ పంపిన గోంగూర పచ్చడి సీసా తెరిచి "పుంటికూర తొక్కు" అనేవాడు, నేను గోంగూర అనేవాణ్ణి, ఇద్దరం దాంతోనే అన్నం తినేవాళ్లం.

2009 డిసెంబరు 9 రాత్రి, తెలంగాణ ఇస్తామని చిదంబరం గారి ప్రకటన వచ్చాక గదిలో గాలి మారింది. ఆయన ఊరేగింపుకి వెళ్లేవాడు, నేను మా వైపు వార్తలు చూసేవాణ్ణి. అయినా నెట్టుకొచ్చాం. 2011 మార్చి 10న మిలియన్ మార్చ్. ఆ రోజు ట్యాంక్‌బండ్ మీద విగ్రహాలు పగిలాయి. రాత్రి ఆయన గదికి రాగానే, విగ్రహాలేం పాపం చేశాయన్నా అని అడిగాను. ఆయన చెప్పులు కూడా విప్పలేదు, గుమ్మంలోనే నిలబడి "రాళ్లు కనవడ్డయి నీకు. మా పిల్లలు సచ్చిపోయిండ్రు, అది కనవడలేదా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు కూడా లేదు. ఆ రోజు నుంచి మాటల్లేవు. కూర పాయింట్ నుంచి ఎవరి కూర వాళ్లం తెచ్చుకున్నాం, ఎవరి పళ్లెం వాళ్లం కడుక్కున్నాం, ఆ చిన్న గదిలో ఇరవై రోజులకు పైగా అలాగే గడిపాం. టీవీ కూడా పెట్టలేదు, ఎవరు పెడితే రెండోవాళ్లు ఏమనుకుంటారో అని.

ఏప్రిల్ 2, శనివారం. ముంబైలో శ్రీలంకతో ఫైనల్. టీవీ ఎవరు పెట్టారో గుర్తులేదు. ఆయన మంచం మీద ఆయన, నా మంచం మీద నేను. వాళ్లు 274 కొట్టారు, జయవర్ధనే సెంచరీ. మన బ్యాటింగ్ మొదలైన రెండో బంతికే సెహ్వాగ్ పోయాడు. కాసేపటికి సచిన్ కూడా, 18కి. అంతే, గది మొత్తం చచ్చుబడిపోయింది. అప్పుడు ఆయన నా వైపు చూడకుండానే, టీవీ మీద నుంచి కళ్లు తిప్పకుండానే అన్నాడు, "చాయ్ తాగుదాం నడువ్."

కిందికెళ్లాం. చాయ్ బండి దగ్గర జనం, చిన్న టీవీ, అందరి మొహాలూ ఒకేలా ఉన్నాయి. రెండు చాయ్‌లు ఆయనే చెప్పాడు. గంభీర్ ఉన్నడు గదా, ఏం గాదు తియ్ అన్నాడు. నిజంగానే ఏం కాలేదు. గంభీర్ 97 దగ్గర ఔటయినప్పుడు మళ్లీ గదిలోకి వచ్చేసి ఉన్నాం, ఒకే మంచం మీద కూర్చున్నాం, ఎప్పుడు అలా కూర్చున్నామో తెలీదు. ధోని సిక్సర్ కొట్టగానే ఆయన నన్ను ఎత్తేశాడు. నా తల ఫ్యాన్‌కి తగులుతుందని కింద గది కుర్రాడు అరుస్తున్నాడు.

రోడ్డు మీదకొస్తే ఆ రాత్రి అమీర్‌పేట నిండా జెండాలు. మూడు వారాల కిందటి దాకా ఇవే రోడ్ల మీద జై తెలంగాణ అన్నవాళ్లు, వద్దన్నవాళ్లు, ఎవరు ఎవరో చెప్పడం కుదరదు, అందరూ ఒకటే కేక. తెల్లారుజామున మూడింటికి గదికొచ్చి పచ్చడి సీసా తెరిచాం. ఇద్దరికీ ఒకే పళ్లెం. గోంగూరా పుంటికూరా అని ఎవరూ అనలేదు.

కథ ఇక్కడితో ఆపేస్తే ఎంత బాగుండేదో. కానీ ఆగలేదు. అదే సంవత్సరం సెప్టెంబరు 13న సకల జనుల సమ్మె మొదలై 42 రోజులు నడిచింది. 2013 జులై 30న ఢిల్లీలో నిర్ణయం అయిపోయాక మా గుంటూరు, విజయవాడల్లో సమైక్యాంధ్ర సమ్మెలు. 2014 జూన్ 2న రెండు రాష్ట్రాలు. ధోని సిక్సర్ ఇందులో దేన్నీ ఆపలేదు, ఆపాల్సిన పని కూడా దానిది కాదు. వాళ్లకి తమ రాష్ట్రం కావాలనడానికి ఏళ్ల తరబడి కారణాలున్నాయి, మాకు బాధ పడటానికి మా కారణాలున్నాయి. అవి క్రికెట్‌తో తేలేవి కావు. కానీ ఆ చాయ్ లేకపోతే మేమిద్దరం ఆ ఏప్రిల్ నెలాఖరుకే గది ఖాళీ చేసి ఎవరి దారిన వాళ్లం పోయేవాళ్లం. ఇది మాత్రం నాకు గట్టిగా తెలుసు.

తర్వాత్తర్వాత పశ్చిమ ఆఫ్రికాలోని ఐవరీ కోస్ట్ సంగతి చదివాక నాకు ఆ రాత్రి మళ్లీ కొత్తగా కనిపించింది. ఆ దేశం 2002లో అంతర్యుద్ధంతో రెండు ముక్కలైంది, ఉత్తరం తిరుగుబాటుదారుల చేతిలో, దక్షిణం ప్రభుత్వం చేతిలో. 2005 అక్టోబరు 8న వాళ్ల ఫుట్‌బాల్ టీమ్ సూడాన్‌లో ఆడి 3-1తో గెలిచింది. అదే సమయానికి కామెరూన్, ఈజిప్టు మీద చివరి నిమిషాల్లో పెనాల్టీ పోగొట్టుకుంది. దాంతో ఐవరీ కోస్ట్ మొట్టమొదటిసారి వరల్డ్ కప్‌కి వెళ్లింది. డ్రెస్సింగ్ రూమ్‌లోకి కెమెరా వచ్చింది. అందరూ గంతులేస్తున్న ఆ గదిలో వాళ్ల స్టార్ ఆటగాడు ద్రోగ్బా మైకు తీసుకుని, టీమ్ మొత్తాన్ని చుట్టూ పెట్టుకుని, మోకాళ్ల మీద కూర్చుని, ఆయుధాలు దించండి, ఒకర్నొకరు క్షమించుకోండి, ఎన్నికలు పెట్టుకోండి అని దేశాన్ని బతిమాలాడు. ద్రోగ్బా దక్షిణం వైపు కుటుంబం వాడు. ఆ టీమ్‌లోని తురే అన్నదమ్ములు పుట్టింది తిరుగుబాటుదారుల రాజధాని బువాకేలో.

అంతటితో వదిలేసి ఉంటే అదీ ఒక మంచి వీడియోగానే మిగిలేది. వదల్లేదు. 2007 మార్చిలో శాంతి ఒప్పందం కుదిరాక, జూన్ 3న మడగాస్కర్‌తో ఆడాల్సిన మ్యాచ్‌ని ఆ బువాకేలోనే పెట్టించారు. ఐదు గోల్స్ కొట్టారు, ఐదోది ద్రోగ్బాదే. నిన్నటిదాకా అడుగు పెట్టలేని ఊళ్లో దేశం టీమ్ ఆడుతుంటే స్టేడియంలో రెండు వైపుల సైనికులూ ఉన్నారు.

కానీ 2010 చివర్లో ఎన్నికల ఫలితం మీద మళ్లీ కొట్టుకున్నారు. దాదాపు 3,000 మంది చనిపోయారు. ఇంకో సంగతి. 2011 మార్చి 31 నుంచి ఏప్రిల్ 11 దాకా అబిజాన్ నగరంలో వీధి పోరాటాలు జరిగాయి. అంటే మేం అమీర్‌పేట రోడ్డు మీద జెండా ఊపుతున్న ఆ రాత్రి, ద్రోగ్బా దేశంలో జనం తలుపులు వేసుకుని తుపాకుల మోత వింటున్నారు. రెండు తేదీలు ఒకచోట చూసినప్పుడు చాలాసేపు ఏం తోచలేదు నాకు. మరి ద్రోగ్బా మోకాళ్ల మీద కూర్చున్నది వృథాయేనా? నేను అలా అనుకోను. ఆ యుద్ధం తర్వాత వేసిన సయోధ్య కమిషన్‌లో ఆయన్నే సభ్యుడిగా పెట్టారు. 2024లో ఆఫ్రికా కప్ వాళ్ల దేశంలోనే జరిగితే బువాకేలోనూ మ్యాచ్‌లు ఆడించారు, ఆ స్టేడియం పేరే శాంతి స్టేడియం. ఫిబ్రవరి 11న ఫైనల్లో నైజీరియా మీద వాళ్లే గెలిచారు.

మండేలా కథ అందరికీ తెలిసిందే. 1995 జూన్ 24న జొహానెస్‌బర్గ్‌లో రగ్బీ ఫైనల్, న్యూజిలాండ్ మీద 15-12, మండేలా ఆరో నంబరు ఆకుపచ్చ జెర్సీ వేసుకుని కెప్టెన్ పీనార్ చేతికి కప్పు ఇవ్వడం. ఫోటో చూసి మురిసిపోతాం గానీ ఆ జెర్సీ ఏమిటో మర్చిపోతాం. నల్లవాళ్లకి అది తమను తొక్కినవాళ్ల బట్ట. స్ప్రింగ్‌బాక్స్, అంటే ఆ దక్షిణాఫ్రికా రగ్బీ జట్టు, ఆడుతుంటే వాళ్లు ఎదుటి జట్టుకి చప్పట్లు కొట్టేవారు. సొంత మనుషులే ఆ గుర్తు తీసేయాలని పట్టుబడితే, వద్దు, వాళ్లకి ప్రాణమైన దాన్ని వాళ్లకి ఉంచుదాం అని నచ్చజెప్పింది మండేలానే. అంటే కప్పు గెలవక ముందే, గెలుస్తారో లేదో తెలీక ముందే, ఆయన తన వైపు నుంచి ఒకటి వదులుకున్నాడు. ఆ రోజు టీమ్‌లో తెల్లవాడు కానివాడు చెస్టర్ విలియమ్స్ ఒక్కడే. 2019లో కప్పు ఎత్తినప్పుడు కెప్టెన్ సియా కోలిసి, ఆ జట్టుకి మొదటి నల్లజాతి కెప్టెన్. మధ్యలో 24 ఏళ్లు.

ఇరాక్ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. 2007 ఫుట్‌బాల్ ఆసియా కప్ ఫైనల్, జకార్తా. కుర్దు హవార్ ముల్లా మొహమ్మద్ కార్నర్ కొడితే, సున్నీ అయిన యూనిస్ మహమూద్ తలతో గోల్ చేశాడు, షియా ఆటగాళ్లతో కలిసి కప్పు ఎత్తాడు. కానీ సెమీఫైనల్ గెలిచిన సంబరంలో బాగ్దాద్ రోడ్ల మీదకొచ్చిన జనం మీద బాంబులు వేశారు. మనుషులు కలిసి నవ్వుతున్నారంటే దాన్నే భరించలేనివాళ్లు ఉంటారు. ఆటలో ఏమీ లేదు, అదంతా ఉత్త హడావుడే అనేవాళ్లకి నేను చెప్పేది ఇదే: ఏమీ లేకపోతే దాని మీద బాంబు వేయాల్సిన అవసరం ఎవరికి వచ్చింది?

ఇక మన దగ్గరికి వస్తాను.

2016 ఆగస్టు 19, రియోలో సింధు ఫైనల్. మొదటి గేమ్ 21-19కి గెలిచి, తర్వాత మారిన్ చేతిలో ఓడినా వెండి పతకం తెచ్చింది. అప్పటికి నేను గుంటూరు వచ్చేశాను. ఆ సాయంత్రం మిర్యాలగూడ అన్నా నేనూ గేమ్ గేమ్‌కీ ఫోన్‌లో మాట్లాడుకున్నాం. తర్వాత జరిగింది చూడండి. 22న హైదరాబాద్‌లో ఊరేగింపు, 23న విజయవాడలో ఊరేగింపు. తెలంగాణ 5 కోట్లు, ఆంధ్రప్రదేశ్ 3 కోట్లు, స్థలాలు, గ్రూప్-1 ఉద్యోగం. నేను విజయవాడ వెళ్లి బందరు రోడ్డు పక్కన నిలబడ్డాను. పుష్కరాల ఆఖరి రోజు, ఊరంతా జనం, నా పక్కన బడి పిల్లలు, ఒక పాప చేతిలో అట్టతో చేసుకున్న రాకెట్. బస్సు మీద సింధు, గోపీచంద్ కనపడగానే ఆ పాప గొంతు చించుకుని అరిచింది. అది చూసి కళ్లు చెమర్చాయి. ఇంటికొచ్చి ఫోన్ తీస్తే వాట్సాప్ నిండా సింధు ఆంధ్రానా తెలంగాణానా అని ఒకటే గొడవ. అంతకంటే ఘోరం, ఆమె కులమేంటో అని గూగుల్‌లో వెతికారు, ఎక్కువగా వెతికింది మన రెండు రాష్ట్రాల వాళ్లమే. ఆ వార్త చదివినప్పుడు కలిగిన సిగ్గు నాకింకా పోలేదు. ఆ అమ్మాయి ప్రకాశం జిల్లాలో పుట్టిన గురువు దగ్గర, హైదరాబాద్ అకాడమీలో, పొద్దున్నే నాలుగింటికి లేచి నేర్చుకున్న ఆట అది. రెండు ప్రభుత్వాలూ కలిసి ఒక్క వేదిక మీద, ఒక్క రోజు, ఒక్క సన్మానం చేసి ఉంటే ఏం పోయేది? విడిపోయి రెండేళ్లు, గాయాలు పచ్చిగా ఉన్న కాలం, కోట్ల మంది ఒకేసారి ఒకే అమ్మాయి కోసం దణ్ణాలు పెట్టుకున్న సమయం. మళ్లీ అలాంటిది ఎప్పుడొస్తుంది? చేతికి వచ్చిందాన్ని వేలంపాట చేశారు. నాకు కోపం దాని మీదే.

గెలిచినప్పుడే ఇలా ఉంటే ఓడినప్పటి సంగతి చెప్పక్కర్లేదు. 2021 అక్టోబరులో పాకిస్తాన్ చేతిలో పది వికెట్ల తేడాతో ఓడితే పదకొండు మందీ ఓడారు, తిట్లు మాత్రం షమీకి, అతని మతానికి. కోహ్లీ కెప్టెన్‌గా గట్టిగా అతని పక్కన నిలబడ్డాడు, అది బాగా గుర్తుంది నాకు. జర్మనీ ఫుట్‌బాల్ ఆటగాడు ఓజిల్ 2018లో అన్నదీ ఇదే కదా, గెలిస్తే నేను జర్మన్‌ని, ఓడితే వలసవచ్చినవాణ్ణి అని. 1998 ఫుట్‌బాల్ వరల్డ్ కప్ ఫైనల్లో ఫ్రాన్స్ తరఫున జిదాన్ రెండు గోల్స్ కొడితే దేశమంతా ఒకటైందన్నారు, నాలుగేళ్లకి అక్కడి అధ్యక్ష ఎన్నికల్లో వలసల వ్యతిరేకి లె పెన్ రెండో రౌండ్ దాకా వచ్చాడు.

మా ఇద్దరి విషయంలోనూ అంతే జరిగింది. 2023 నవంబరు 19, అహ్మదాబాద్ ఫైనల్, ట్రావిస్ హెడ్ 137. సిరాజ్ ఏడుస్తుంటే ఇక్కడ నేను, అక్కడ ఆయన. ఫోన్‌లో ఇద్దరం మాట్లాడింది తక్కువ, ఊరికే పట్టుకుని కూర్చున్నాం. పదకొండు రోజులు. అంతే. నవంబరు 30, తెలంగాణలో పోలింగ్ రోజు, తెల్లారేసరికి సాగర్ డ్యామ్ మీద 26 గేట్లలో 13 ఆంధ్రా పోలీసుల చేతిలో ఉన్నాయి, మధ్యలో ముళ్లకంచె, అటు వాళ్ల పోలీసులు, ఇటు మన పోలీసులు. నీళ్లు వదిలింది కుడి కాలువకి. మా కాలువకి. మా నాన్న ఫోన్ చేసి నీళ్లొచ్చాయిరా అన్నాడు, ఆ గొంతులో సంతోషం నేను కాదనలేను. మధ్యాహ్నం అన్న దగ్గర్నించి ఒక మెసేజ్: "డ్యామ్ మీద ముళ్లకంచె ఏస్తరా తమ్మీ?" ఏం రాయాలో తోచలేదు. రాయలేదు. మళ్లీ మాటల్లేవు, ఈసారి ఏడు నెలలు.

2024 జూన్ 29 రాత్రి బార్బడోస్‌లో సూర్యకుమార్ ఆ క్యాచ్ పట్టాక, ఏడు పరుగులతో గెలిచాక, నేనే ఫోన్ చేశాను. ఒక్క రింగుకే ఎత్తాడు. చేతిలో పట్టుకునే కూర్చున్నట్టున్నాడు.

ఆ సెప్టెంబరు ఒకటిన బుడమేరు మా విజయవాడను ముంచితే, అదే రోజు మున్నేరు వాళ్ల ఖమ్మాన్ని ముంచింది. మూడు వారాలకి, 22న, బుడాపెస్ట్‌లో చెస్ ఒలింపియాడ్‌లో మగవాళ్లకీ ఆడవాళ్లకీ రెండు స్వర్ణాలు. ఆ జట్లలో వరంగల్ అర్జున్ ఇరిగైసి, మా గుంటూరు హరికృష్ణ, హారిక. అర్జున్ 11కి 10 పాయింట్లు తెచ్చాడు. అటు వరంగల్ కుర్రాడు, ఇటు గుంటూరు వాళ్లు, ఒకే జెండా కింద. దీని మీద రెండు ఊళ్లలో కలిపి ఒక చిన్న సభ పెట్టినా, వరద చూసిన జనానికి ఎంత ధైర్యంగా ఉండేదో అనిపించింది. చెస్ కాబట్టి రోడ్ల మీద టపాసులు లేవు, అంతే తేడా.

మొన్న నవంబరు రాత్రి ఫోన్ గురించి మొదలుపెట్టి ఎటో పోయాను. కప్పు గురించి చాలాసేపు మాట్లాడుకున్నాక ఆయన గొంతు తగ్గించి, "తుఫానుకి మీ మిరప పోయిందా?" అని అడిగాడు. మొంథా వచ్చి వారం కూడా కాలేదు అప్పటికి. సగం పోయింది అన్నా అన్నాను. మీ వరి? "పండుకున్నది. కోతకొచ్చినంక పండుకున్నది" అన్నాడు. ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడలేదు. బయట టపాసులు ఇంకా పేలుతూనే ఉన్నాయి.

సాగర్ లెక్కలు మా వల్ల తేలేవి కావు, కృష్ణా బోర్డు ఉంది, ట్రిబ్యునల్ ఉంది. కానీ కుడి కాలువ కింద నిద్రపట్టని మనిషి సంగతి ఎడమ కాలువ కింద మనిషికి ఆ రాత్రి తెలిసింది, వీళ్ల సంగతి వాళ్లకి తెలిసింది. టపాసులు ఆగాక కూడా అరగంట మాట్లాడాం, క్రికెట్ మాట మళ్లీ రాలేదు.

సంక్రాంతికి పిల్లల్ని తీసుకుని వస్తానన్నాడు. పొద్దున అమ్మకి చెబితే, ఎన్ని సీసాలు పెట్టమంటావురా అని అడిగింది.